ద్రాక్షతోటలు మానుకుని ఉద్దానం వెళ్లిన శనివారం

నాసిక్ ద్రాక్షతోటలకు వెళ్దామన్న ఆలోచన సునీతది. ముగ్గురికీ నలభై నిండిన ఏడాది కాబట్టి ఇల్లూ ఉద్యోగం పక్కన పెట్టి నాలుగు రోజులు ఎటైనా పోదామంది. అక్కడ తోటల మధ్యే బస చేయవచ్చని, సాయంత్రాలు వైన్ రుచి చూస్తూ కబుర్లు చెప్పుకోవటం తప్ప వేరే పని ఉండదని ఫోనులో తెగ ఊరించింది. సునీత, ధనలక్ష్మి, నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. సునీత ఇప్పుడు విజయవాడలో బట్టల దుకాణం నడుపుతోంది. నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. ధనలక్ష్మి, అంటే మా ధనం, వజ్రపుకొత్తూరు వైపు, ఉద్దానం అని పిలిచే తోటల సీమలో ఒక పల్లెలో భర్తతో కలిసి జీడి, కొబ్బరి తోటలు చూసుకుంటోంది. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటాం గానీ, ముగ్గురం ఒకచోట కూర్చుని నాలుగేళ్లు దాటింది.

ప్రయాణాల ఏర్పాట్లు ఎప్పుడూ నా నెత్తినే పడతాయి. నాకు ప్రయాణమంటే సంతోషం కంటే ముందు కంగారు వస్తుంది. రైలు ఆలస్యమైతే ఏమిటి, గది శుభ్రంగా లేకపోతే ఏమిటి, వాన వస్తే ఏమిటి అని ముందే అన్నీ ఊహించుకుని భయపడితే తప్ప నాకు నిద్ర పట్టదు. ఈసారి ఆ భయాలన్నిటికంటే ధనంతో తేదీలు కుదర్చటమే పెద్ద పని అయింది. ఏ తేదీ చెప్పినా "ఆ రోజు కుదరదే" అనేది. ఒకసారి జీడిపిక్కలు ఏరించే పనంది. ఇంకోసారి అత్తగారికి ఒంట్లో బాగోలేదంది. మూడోసారి కారణం కూడా చెప్పలేదు. చివరికి సునీతకు విసుగొచ్చి, "అది రాకపోతే మనమే దాని దగ్గరికి పోదాం. ద్రాక్షతోటలు కాకపోతే జీడితోటలు. వైన్ కాకపోతే కల్లు. దాని మొహం చూడాలి నాకు" అంది. ఆ మాట చెప్పగానే ధనం గొంతే మారిపోయింది. "రాండే, రాండి. గాని శుక్రవారం వొద్దు. శనివారం పొద్దున్న దిగండి, ఆదివారం ఎల్దురు గాని" అంది. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసే చిన్నపిల్లలా ఆ వారమంతా రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసింది.

ఏప్రిల్ మొదటి శనివారం తెల్లవారుజామున, ముందురోజే విజయవాడ నుంచి వచ్చిన సునీతా నేనూ విశాఖలో రైలెక్కాం. పలాసకు వేగంగా పోయే రైలైతే మూడు, మూడున్నర గంటలు, పాసింజరైతే ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు పొద్దున్నే బయలుదేరే బండి చూసుకోండి. తొమ్మిది దాటితే ఆటోలో ఇసుక నేలల మీద తిరగటం కష్టం. దారిపొడవునా నేను ఫోనులో వాతావరణం చూస్తూనే ఉన్నాను. బంగాళాఖాతంలో ఏదో అల్పపీడనం అన్నారు. సునీత నా ఫోన్ లాక్కుని పలాసలో దిగేదాకా తన సంచిలో వేసుకుంది.

పలాస స్టేషన్ బయట ధనం ఆటో పక్కన నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే పరుగెత్తుకు రాబోయి, రెండడుగులు వేసి ఆగిపోయింది. మేమే వెళ్లి పట్టుకున్నాం. ముఖం ఉబ్బినట్టుంది. అంత ఎండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. "బాగా ఒళ్లు చేశావే" అంది సునీత. "మా తోటల్లో గాలి అలాటిది" అని ధనం నవ్వేసింది. ఆటో నడిపే కామేశు వాళ్ల ఊరివాడే. ముప్ఫై ఏళ్లుంటాయి. ధనాన్ని అప్పా అని పిలుస్తాడు, అంటే ఆ వైపు అక్క అని. రోజంతా తిప్పి సాయంత్రం మళ్లీ ఊరికి చేర్చటానికి పద్దెనిమిది వందలకు మాట్లాడి పెట్టింది ధనం. మీరు వెళ్తే స్టేషన్ దగ్గర ఇంకొంచెం ఎక్కువే అడగొచ్చు. బేరం ముందే తేల్చుకోండి.

కాశీబుగ్గలో ఇడ్లీలు తిని ఆటో ఎక్కబోతుంటే కామేశు ధనం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అప్పా, ఎలాగూ పలాసలోనే ఉన్నాం కదా. ఓపాలి ఆస్పత్రికెల్లొచ్చీద్దాం" అన్నాడు.

"నోరు మూసుకోరా. సోమవారం ఎల్దామన్నానా" అంది ధనం.

ఎవరికని అడిగాను. "మా అత్తకి మందులు తేవాల. వాడికి తొందర" అంది. కామేశు వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

కాశీబుగ్గ వీధుల్లో జీడిపిక్కలు కాల్చిన వాసన గొంతుకు పట్టుకుంటుంది. ధనం తమ పిక్కలు అమ్మే ఒక బట్టీకి తీసుకెళ్లింది. ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కలు పగలగొట్టి పప్పు తీస్తున్నారు. గింజ విరగకుండా తొక్క ఒలిచే పని చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. పప్పు కొనాలనుకుంటే మాత్రం ఊరు వదిలి వెళ్లేటప్పుడు కొనండి. రోజంతా ఆటోలో మోసుకు తిరగటం మాకు అనవసరపు బరువైంది. అక్కడ నిలబడి ఉన్న కాస్తసేపట్లో ధనం రెండుసార్లు గోడకు ఆనుకుంది. నేను చూశాను. ఎండ అనుకున్నాను.

పలాస నుంచి తీరం వైపు దారి పట్టాక నేల రంగు మారిపోతుంది. ఎర్రమట్టి పోయి ఇసుక, ఇసుకలోంచి జీడిమామిడి చెట్లు, వాటి పైన కొబ్బరి. కొన్నేళ్ల కిందట తుపానుకు పడిపోయిన కొబ్బరిచెట్ల బదులు వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటాయి. ధనం వాళ్ల తోటలో అడుగుపెట్టేసరికి జీడిపండ్లు ఎర్రగా, పసుప్పచ్చగా నేలంతా పడి ఉన్నాయి. పిక్క గిల్లుకుని పండు వదిలేస్తారు. ఎండకు పులిసి ఒక తియ్యటి, ఘాటైన వాసన తోటంతా పట్టింది. సునీత చేతులు చాచి, "ఇదేనే వైన్ వాసన! నాసిక్ దాకా ఎందుకు?" అని అరిచింది. ధనం ఆమెను చూసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

కల్లు విషయంలో నా కంగారు నాకుంది. ఏం కలుపుతారో, కడుపు పాడైతే ఆ పల్లెలో ఎక్కడికి వెళ్తామో అని దారంతా సణిగాను. అందుకని ధనం తాటిచెట్టు కిందికే తీసుకెళ్లింది. సింహాచలం అనే పెద్దాయన మా కళ్లముందే చెట్టెక్కి లొట్టి దించాడు. లొట్టి అంటే చెట్టుకు కట్టే కల్లుకుండ. నా మొహం చూసి ఆయనకు నవ్వొచ్చింది.

"ఇందులో ఏటీ కలపనేదు తల్లీ. మీ ఎదరే దించేను కదా. బయ్యం నేదు, తాగండి" అన్నాడు.

తాటాకు దొన్నెలో పోసి ఇచ్చాడు. చల్లగా, తియ్యగా, చివర్లో కాస్త పుల్లగా ఉంది. పొద్దున్నే దించిన కల్లే తాగాలి. మధ్యాహ్నానికి పులిసి నెత్తికెక్కుతుంది. మేమిద్దరం చెరో దొన్నె తాగాం. ధనం తాగనంది.

"నువ్వు పిలిచి నువ్వే తాగనంటావేంటి?" అంది సునీత.

"నాకు పడదే."

"సరే, కల్లు వద్దు. కొబ్బరిబొండం తాగు. ఖాళీ చేత్తో కూర్చుంటే మాకేం బాగుంటుంది?"

సింహాచలం పక్కనున్న పొట్టిచెట్టు నుంచి రెండు బొండాలు కోసి, మూతి చెక్కి సునీత చేతికిచ్చాడు. సునీత ఒకటి ధనం చేతిలో పెట్టింది. ధనం దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. కామేశు ఆటో దగ్గర్నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు. "అప్పా" అన్నాడు.

"ఒక్కటేరా" అంది ధనం.

మొదట ఒక గుక్క తాగింది. తరువాత ఆపకుండా, గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోకుండా బొండం ఖాళీ చేసింది. కళ్లు మూసుకుని కొంచెంసేపు అలాగే ఉంది. సునీత చప్పట్లు కొట్టి రెండోది కూడా అందించింది. అదీ తాగింది. కామేశు మొహం తిప్పుకుని ఆటోలోకి వెళ్లి కూర్చున్నాడు. రోజంతా బండి నడిపే మనిషికి కల్లు తాగేవాళ్లను చూస్తే కోపమేమో అనుకున్నాను నేను. ఆ కోపంలో మమ్మల్ని చీకటి పడేలోగా చేర్చడేమో అన్న కొత్త దిగులు కూడా పెట్టుకున్నాను.

భోజనం ధనం వాళ్లింట్లో. భర్త బైరాగి బావ శుక్రవారం పొద్దున్నే ఇచ్ఛాపురం దగ్గర చుట్టాల పెళ్లికి వెళ్లాడు, సాయంత్రానికి వస్తాడంది. పనసకాయ కూర, నెత్తళ్ల వేపుడు, చింతకాయ పచ్చడి, అన్నీ ముందురోజు నుంచీ కూర్చుని చేసినట్టున్నాయి. తను మాత్రం కంచంలో రెండు ముద్దల అన్నం వేసుకుని వేళ్లతో అటూ ఇటూ కదిపింది. అడిగితే, వండినవాళ్లకు తినబుద్ధి కాదంది. అత్తగారు వాకిట్లోకి వచ్చి ధనాన్ని ఎగాదిగా చూసి, "కూకో తల్లీ, నువ్వేటి వడ్డిత్తావు?" అని గరిటె లాక్కుంది. ఒంట్లో బాగోలేదన్న ఆ అత్తగారు మాకు మూడుసార్లు వడ్డించింది, బిందెతో నీళ్లు తెచ్చింది. ఆవిడకు మందులెందుకో నాకు అర్థం కాలేదు. అడగబోతే ధనం, "పదండే, ఎండ తగ్గిపోనాది. భావనపాడు సూద్దురు గాని" అంటూ లేచింది. లేవటానికి గుమ్మం పట్టుకుంది.

తీరం వెంట భావనపాడు దాకా ముప్పావు గంట పట్టింది. దారిలో ధనం పెదాలు తడుముకుంటూ, "మూతి తిమ్మిరిగా ఉందే. మీ కల్లు వాసనకే నాకు మత్తెక్కిపోనాది" అంది. సునీత నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కామేశు అద్దంలోంచి ధనాన్నే చూస్తూ బండి నడుపుతున్నాడు. ఎదురుగా వస్తున్న ట్రాక్టరు హారన్ కొట్టేదాకా రోడ్డు వైపు చూడలేదు.

భావనపాడులో పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఒక ముసలామె వాటిని తిరగేస్తూ, "ఏ ఊరు తల్లీ మీది?" అని పలకరించింది. సునీత ఆమెతో కబుర్లలో పడింది. నేను సముద్రం ఫోటోలు తీస్తున్నాను. ధనం ఒక పడవ నీడలో కూర్చుంది. సాయంత్రం నాలుగున్నర అయ్యుంటుంది. ఇక వెళ్దామని పిలిస్తే లేవలేదు. దగ్గరకు వెళ్లాను. రెండు చేతులూ ఇసుకలో ఆన్చి నా వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు.

"వాసంతీ, నా కాళ్లు లేవట్లేదే."

"తిమ్మిరెక్కిందేమో, కాస్త చాపు."

"తిమ్మిరి కాదు. నాకు తెలుస్తన్నాది. నన్ను ఆస్పత్రికి తీసుకెల్లండి. బేగి."

అని ఎడమవైపు జాకెట్టు చేతిని పైకి లాగింది. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. దాని పొడవునా సూది మచ్చలు. సునీత పరుగెత్తుకు వచ్చి ఆ చేయి చూసి నిలబడిపోయింది.

"కిడ్నీలు పోయాయే. మూడేళ్లయింది. మంగళవారం, శుక్రవారం పలాస ఎల్లి రగతం కడిగించుకుంటన్నాను" అంది ధనం. మాట నెమ్మదిగా వస్తోంది. "నిన్న ఎల్లలేదు."

"ఎందుకు వెళ్లలేదే?" సునీత గొంతు కీచుగా వచ్చింది.

"ఎల్లొచ్చిన మర్నాడు నాను పడకేనే. మీరొచ్చిన రోజు పడకేసి ఉంటే ఏటి బాగుంటాది?"

కామేశు అప్పటికే బండి ఇసుకలోకి తెచ్చేశాడు. "నిన్న పొద్దున్న ఇంటికాడికొచ్చి పిలిసేను. రాననీసింది. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకుంది. బొండం తాగీసినప్పుడైనా సెప్పాల్సింది నాను. డాక్టరు కొబ్బరినీల్లు ముట్టుకోవద్దన్నాడు" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

సునీత చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె ఒక్క కేక వేస్తే పడవల దగ్గరున్న ఇద్దరు వచ్చి ధనాన్ని చేతుల మీద ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. పలాసకా, టెక్కలికా అని కామేశు అడిగాడు. పలాసలో తన డాక్టర్లున్నారు, కానీ దూరం. టెక్కలి దగ్గర. రోజంతా అనవసరమైన వాటికి వంద ప్రశ్నలు వేసుకున్న నేను ఆ ఒక్కదానికి వెంటనే జవాబు చెప్పాను. టెక్కలి. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే, అంబులెన్సు టెక్కలి నుంచి ఎదురొస్తుంది, మీరు ఆగకుండా రండి అన్నారు.

ధనం తల నా భుజం మీద ఉంది. మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది గానీ ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం నాకు భరించలేనంతగా ఉంది. ప్రతిసారీ తరువాతిది వస్తుందా అని ఊపిరి బిగబట్టాను.

"ఏదో ఒకటి మాట్లాడవే, నాకు కళ్లు మూతలు పడతన్నాయి" అంది.

పొద్దున రైల్లో వచ్చిన స్టేషన్ల పేర్లు చెప్పటం మొదలుపెట్టాను. "చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి..."

"హరిశ్చంద్రపురం మర్సిపోనావు" అంది ధనం కళ్లు మూసుకునే.

ఆ మాటకు సునీత వెక్కివెక్కి ఏడ్చింది. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, హరిశ్చంద్రపురంతో సహా.

దారిలో రైలు గేటు పడి ఉంది. మా ముందు రెండు బైకులు, ఒక ఎద్దుల బండి. గూడ్సు రైలు వస్తోంది. దానికి అంతం లేనట్టే ఉంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులోంచి అవతలి వైపు ఒక నీలం లైటు తిరుగుతూ కనిపించింది. మా అంబులెన్సు అదే. ముప్ఫై అడుగుల దూరంలో ఉంది, మధ్యలో రైలుంది. కామేశు దిగి ఎద్దుల బండిని పక్కకు తీయించాడు, బైకులవాళ్లను జరిపించాడు, గేటు దగ్గరున్న ఉద్యోగికి చేతులు జోడించి విషయం చెప్పాడు. నా చేతిలో ధనం మణికట్టు చల్లబడుతోంది. దేవుడికి మొక్కుకోవాలని కూడా నాకు గుర్తు రాలేదు. ఆఖరి పెట్టె దాటగానే గేటు లేచింది. అవతలి నుంచి స్ట్రెచరుతో పరుగెత్తుకొచ్చారు.

టెక్కలి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ఈసీజీ కాగితం చూస్తూనే నర్సును ఇంజెక్షన్లు తెమ్మంది. ధనాన్ని వదిలి మా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఆఖరి డయాలసిస్ ఎప్పుడు?"

"మంగళవారం" అన్నాడు కామేశు.

"ఈ రోజు ఏం తాగారు?"

"కొబ్బరినీళ్లు. రెండు బొండాలు. నేనే ఇచ్చాను" అంది సునీత.

డాక్టరమ్మ ఒక్క క్షణం సునీత వైపు చూసింది. కోప్పడలేదు. "వాటిలో పొటాషియం ఎక్కువండీ. కిడ్నీలు పనిచేస్తుంటే బయటికి పోతుంది. ఈమెకు పోదు. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. ఇప్పుడిచ్చే మందులు కొన్ని గంటలు కాపాడతాయి. ఈలోగా మెషిన్ ఎక్కించాలి" అని, టెక్నీషియన్‌కు తనే ఫోన్ చేసింది. అతను ఇంటి నుంచి వచ్చేదాకా సునీత, నేను వరండాలో బల్ల మీద ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. అతని బైకు లోపలికి వస్తుంటే ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం.

మెషిన్ మొదలైన కాసేపటికి బైరాగి బావ పెళ్లి బట్టల్లోనే వచ్చాడు. భుజం మీద ధనం దుప్పటి, చేతిలో ఆమె రిపోర్టుల సంచి. మమ్మల్ని ఏమీ అనలేదు. గోడవారగా నిలబడ్డ కామేశు దగ్గరికి వెళ్తుంటే కొడతాడేమోనని నాకు భయమేసింది. బావ అతని వీపు మీద చేయి వేసి, "నువ్వు తిన్నావేట్రా?" అని అడిగాడు. తరువాత మా పక్కన కూలబడ్డాడు.

"నిన్న సాయంత్రం పోన్ సేసి అడిగేనమ్మా, ఎల్లినావా అని. ఎల్లేనంది. గొంతులో హుషారు ఇని నిజమే అనుకున్నాను. మూడేళ్లలో దాని గొంతు అలగ ఎప్పుడూ ఇననేదు" అన్నాడు.

ఆదివారం ఉదయం మమ్మల్ని లోపలికి పంపారు. ధనం మొహంలో వాపు తగ్గింది. కాలి వేళ్లు కదిపి చూపించింది. సునీత మంచం అంచు పట్టుకుని, "నా వల్లేనే. బలవంతంగా తాగించాను" అంటుంటే ధనం ఆపింది.

"నువ్వు తాగించలేదు. నానే తాగేను. వొద్దని తెలిసే తాగేను. మా సెట్టు బొండమే. నాను నాటిన సెట్టు. మూడేళ్ల నుంచీ నోరెండిపోతన్నా గుక్కలు లెక్కెట్టుకుంటన్నాను. ఇంకెప్పుడూ తాగను, ఒట్టు. గాని బాగున్నాదే."

బైరాగి బావ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"మాకెందుకు చెప్పలేదే? రోజూ మాట్లాడుకుంటాం కదా" అన్నాను నేను.

"సెప్తే రోజూ అదే అడుగుదురు. ఎలా ఉంది, రిపోర్టులో ఎంత వచ్చింది, ఏం తిన్నావు. ఊళ్లో అందరూ అదే అడుగుతారు. మీరిద్దరే నన్ను లావయ్యావని తిట్టేది" అంది.

మధ్యాహ్నం బండికి మేం తిరిగి వచ్చేశాం. నేను ఆ ప్రయాణం గురించి రాయకూడదనుకుని రెండు నెలలు ఆగాను. ధనమే రాయమంది, పేర్లు మార్చి రాస్తున్నాను. ఉద్దానం వెళ్లండి. ఆ తోటలూ ఆ తీరమూ చూడండి, ఆ మనుషులను కలవండి. కానీ నాకు ఆ రోజు తలచుకుంటే గేటు దగ్గర భయం కంటే ధనం అన్న ఆ ఆఖరి మాటే ఎక్కువ బాధపెడుతుంది. తన జబ్బు తెలియని మనుషులుగా ఆమెకు మేమిద్దరమే మిగిలాం. మాతో మాట్లాడే ఆ కాస్తసేపు ఆమె రోగి కాదు. ఆ సమయాన్ని కాపాడుకోవటానికే శుక్రవారం మానేసింది. ఇప్పుడు మాకూ తెలిసిపోయింది. రోజూ ఫోన్ చేస్తాను. ఎలా ఉందన్న ప్రశ్న నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, ఈ వారం జీడిపిక్కల ధర ఎంత పలికింది, మీ అత్త ఎవరితో పోట్లాడింది అని అడుగుతాను. అవతల ధనం నవ్వటం వినిపించేదాకా నా చేతివేళ్లు నా మణికట్టు మీదే ఉంటాయి.

స్నేహితులతో ప్రయాణం అనుకుంటున్నవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. తేదీలు గ్రూపులో అడగకండి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, మానకూడని మందులూ వైద్యం ఏమైనా ఉన్నాయా అని అడగండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు కూడా ప్రయాణం చేయొచ్చని టెక్కలిలో ఆ టెక్నీషియన్ చెప్పాడు. వెళ్లే ఊళ్లోని కేంద్రానికి రిపోర్టులు ముందుగా పంపి, తమ డాక్టరు చేత మాట్లాడించుకుంటే చాలాచోట్ల సీటు ఇస్తారట. ముందు ఆ సీటు ఖాయం చేసుకోండి. రైలు టిక్కెట్లు ఆ తరువాత కొనండి.